గడపతో కలిపా, గడప లేకుండానా

మంగళవారం ఎనిమిదిన్నరకి
మైకు ఒకసారి కీచుమంటుంది. అదే మా గంట.
ఫోన్లన్నీ రొట్టెల బుట్టలోకి.
తువ్వాలు కప్పి నా కాళ్ల దగ్గర పెట్టుకుంటాను,
పొదుగు మీదున్న కోడిలా
ఉండుండి అది గురగురమంటుంది.

పందేల కొట్టు నుంచి నెరిస్ ఎత్తుకొచ్చిన
పొట్టి పెన్సిళ్లు, జట్టుకొకటి.
జట్ల పేర్లు: 'తడి మేజోళ్లు', 'నాలుగో కుర్చీ',
'మా ఆవిడకి తెలుసు'.
ఆ మూడోదాంట్లో ఆవిడలెవరూ ఉండరు.

ముప్పై ఏళ్లు ఐర్లండు పడవల రేవులో
టికెట్లు చింపాను నేను.
ఎటు వెళ్తున్నారని అడగడమే తప్ప
తప్పు అని ఎవరికీ చెప్పే పని పడలేదు.
ఇప్పుడు వారం వారం చెబుతున్నాను,
గొంతు సవరించుకుని మరీ.

నాకిష్టమైంది ప్రశ్న కాదు, జవాబూ కాదు,
మధ్యలో ఆ అర నిమిషం.
వెల్డరు మెయిరియన్ కళ్లు మూసుకుని
గాల్లో వేళ్లు తిప్పుతాడు,
నోట్లోనే నానుతోంది, ఆగండి, నోట్లోనే నానుతోంది.
నలభై ఏళ్ల కిందటి భూగోళం టీచరు
అతని కనుబొమ్మల మధ్య నిలబడి
బెత్తం ఊపుతూ ఉంటుంది.
గ్లాసుల్లో నురగ దిగిపోతుంది.
ఎవరూ తాగరు.

పోయిన వారం మూడో రౌండు, మన ఊరు.
దీపస్తంభానికి మెట్లెన్ని?
నా కార్డు మీద నూట తొంభై తొమ్మిది.
చివరి బల్ల నుంచి ఇద్వల్ లేచాడు.
ఇద్వల్ లేవడు.
గ్లాసు నింపుకోవడానికి కూడా కనుసైగే.
"రెండొందలొకటి" అన్నాడు.
"పదకొండు ఎండాకాలాలు సున్నం వేశాను దానికి.
బకెట్టుతో ఎక్కినవాణ్ని అడుగు మెట్టంటే ఏమిటో."

కార్డు మీద ఉన్నదే జవాబు అన్నాను.
ఈ పబ్బులో మాకున్న చట్టం అదొక్కటే.
ఆ ఒక్క మార్కుతో
పంది తొడ మాంసం 'తడి మేజోళ్లు' పట్టుకుపోయారు.
ఇద్వల్ టోపీ తీసుకున్నాడు.
తలుపు ధడాలున వేసినా బాగుండేది,
నెమ్మదిగా మూసి వెళ్లాడు.

గురువారం దాకా ఓర్చుకున్నాను.
వాన. మోకాలికి పట్టీ.
ఎక్కుతూ లెక్కపెట్టాను, రెండొందలు.
పైన కాసేపు రొప్పి
దిగుతూ లెక్కపెట్టాను, రెండొందలొకటి.
కిటికీ అంచు మీద నీటికాకి ఒకటి
మెడ వాల్చి చూసింది,
ఎవరిదే కాకి లెక్క అన్నట్టు.

ఆ కార్డు రాసింది నేనే,
రేవు ఆఫీసు గోడ మీది పాత పటం చూసి.
ఆ పటం రాసినవాడు ఎక్కాడో లేదో.
ఇన్ని మంగళవారాలు నేను చదివినవాటిలో
ఎన్నింటిని ఎక్కి చూశాను?

ఇవాళ మైకు కీచుమనకముందే
చివరి బల్ల దగ్గరికి వెళ్లాను.
ఉన్నాడు. టోపీ మోకాలి మీద.
"ఎక్కాను" అన్నాను.
నా పట్టీకేసి చూశాడు చాలాసేపు.
"గడపతో కలిపా గ్లెనిస్, గడప లేకుండానా?"

గడప సంగతి నాకు తోచనే లేదు.
గడప మెట్టెలా అవుతుందయ్యా, వెనకనుంచి మెయిరియన్.
కాలు పెట్టి ఎక్కుతాం కదా, నెరిస్.
కాలు పెట్టిందల్లా మెట్టయితే మా కుక్క కూడా మెట్టే!
ఎవడో బీరు అట్ట మీద
గడప బొమ్మ గీసి బల్లలన్నీ తిప్పుతున్నాడు.
ఎనిమిది నలభై. ఎనిమిది యాభై అయిదు.
రొట్టెల బుట్ట ఖాళీగానే ఉంది,
ఒక్కరూ ఫోను బయటికి తీయలేదు.

కార్డు మీద అంకె కొట్టేశాను.
పక్కన ఇంకేమీ రాయలేదు.
మైకు అందుకున్నాను.
మొదటి రౌండు, పక్షులు.